దవడ కింద రెండు వేళ్లు

ప్రతి నెలా మొదటి ఆదివారం మా తమ్ముడి దవడ కింద వేళ్లు పెట్టి చూడడం నా పని. పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను. వాడు కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తుతాడు. నేను చెవి కింద మొదలుపెట్టి, ఎముక అంచునే ముందుకొచ్చి, గడ్డం కింద మెత్తగా ఉండే చోట ఆగుతాను. తర్వాత రెండో వైపు. తర్వాత గ్లవుజు తొడుక్కుని అంగిలి మీద వేలు తిప్పుతాను. "ఏమీ లేదు" అంటాను. "ఈ నెలకి గండం గడిచింది" అంటాడు వాడు. అప్పుడు గానీ కాఫీ ముట్టుకోడు.

నేను డాక్టర్ని కాను. ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్ని. ఒంట్లోంచి కోసి తీసిన ముక్కను మైనంలో పెట్టి దిమ్మ చేస్తారు. ఆ దిమ్మను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి గాజు పలక మీద పరిచేది నేను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పెళ్లి నా దాకా వచ్చినట్టే వచ్చి పక్కింటికి పోయింది కాబట్టి నా దృష్టి మళ్లించేవాళ్లు కూడా ఎవరూ లేరు. ఇంట్లో నన్ను హాఫ్ డాక్టర్ అని పిలిచేవాళ్లు. మొదట్లో అది వెక్కిరింపే. అమ్మకి జబ్బు చేశాక నిజంగానే అనడం మొదలుపెట్టారు. నాకూ ఆ పేరు తలకెక్కింది, దాచడం దేనికి.

అమ్మ బట్టలు కుట్టేది. సూదిలోకి దారం ఎక్కించే ముందు దారం కొసను పెదాల మధ్య పెట్టి తడిపి, కళ్లు చిట్లించి, ఒక్కసారికే ఎక్కించేది. పద్నాలుగేళ్ల కిందట ఒకరోజు, "పెదాల మధ్య దారం ఉందో లేదో తెలియట్లేదే" అంది. వయసు మీద పడుతోందని ఆటపట్టించాం. మూడు నెలలు అలా ఆటపట్టిస్తూనే ఉన్నాం. ఆ తర్వాత కుడి దవడ కింద బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది.

ఆపరేషన్ చేసి అక్కడున్న గ్రంథి మొత్తం తీసేశారు. ఆ ముక్క మా ల్యాబుకే వచ్చింది. కోయడానికి ఇంకొకరికి ఇస్తామన్నారు ల్యాబులో. నేనే కోస్తానని పట్టుబట్టాను. అమ్మ ముక్కను ఇంకెవరో మడతలు పడేలా కోస్తే నేను ఊరుకోగలనా? నా చేతి మీద నాకంత నమ్మకం. రంగు వేసిన పలకను మా పెద్ద డాక్టరుగారు సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూశారు. నన్నూ చూడమన్నారు. నీలం రంగు కణాల గుంపుల మధ్య గుండ్రటి కన్నాలు, అచ్చం జల్లెడ.

"లాలాజల గ్రంథి క్యాన్సర్. వాటిలో కూడా బాగా అరుదైనది" అన్నారాయన. "నిదానంగా పాకుతుంది. నరం పట్టుకుని పాకుతుంది, పెదవి తిమ్మిరి అందుకే. పోయిందనుకున్నాక పదేళ్లకైనా తిరిగొస్తుంది."

"ఎందుకొస్తుందండీ?"

"ఎవరికి తెలుసు. ఏదో జన్యువులో తప్పని ఈ మధ్యే ఎక్కడో చదివాను." అంతలో ఆయన ఫోను మోగింది. ఆయన బయటికి వెళ్లిపోయారు.

నేను ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికి వెళ్లాను.

భోజనాల దగ్గర అందరం ఉన్నాం. అమ్మ, తమ్ముడు, పెళ్లయి ఏడాదైన మరదలు. అమ్మ మెడకి కట్టు ఉంది, గంజిలాంటిదేదో చెంచాతో తాగుతోంది. ఎందుకొచ్చిందట అని తమ్ముడు అడిగాడు. జన్యువుల్లో ఉందట అన్నాను.

"అంటే వంశంలోనా?"

"మరి జన్యువంటే ఏంటనుకున్నావు? పుట్టుకతో వచ్చేదే కదా."

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు నేను. జన్మ, జన్యువు, రెండూ ఒకే కడుపున పుట్టిన మాటల్లా వినిపించాయి నాకు. పెద్ద డాక్టరుగారు వెనక్కి వచ్చాక ఇంకో ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే నాకు తెలియదని ఆయనకి తెలిసిపోతుంది కదా. హాఫ్ డాక్టర్‌కి అది నామోషీ.

అమ్మ చెంచా కింద పెట్టింది. ఆ రోజు నుంచి తమ్ముడి గ్లాసులో నీళ్లు తాగడం మానేసింది. అంతకు ముందు ఎవరి గ్లాసు కనిపిస్తే అది ఎత్తేసే మనిషి. అంటుకునే జబ్బు కాదమ్మా అని నేను కసురుకుంటే, "తెలుసులే. ఇవ్వాల్సిందేదో వాడికి ఎప్పుడో ఇచ్చేశాను. ఇంకా ఏం ఇస్తాను" అంది.

రేడియేషన్ పెట్టాక అమ్మ నోరు ఎండిపోయింది. దారం తడపడానికి ఉమ్మి లేదు. మిషను పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టుకుని, అందులో కొస ముంచి, వణికే చేత్తో పదిసార్లు గురి తప్పి, చివరికి సూదీ దారం తమ్ముడికి ఇచ్చేది. వాడు కళ్లద్దాల షాపు నడుపుతాడు, సన్నపని అలవాటే. వాడు దారం ఎక్కిస్తున్నంతసేపూ అమ్మ వాడి దవడ వంకే చూస్తూ ఉండేది. అలా తొమ్మిదేళ్లు బతికింది. తర్వాత అది ఊపిరితిత్తుల్లో కనబడింది. పోయే ముందు రోజు కూడా నన్ను దగ్గరికి పిలిచి, "వాణ్ణి చూస్తూ ఉంటావు కదూ" అంది. చూస్తానన్నాను. నిన్ను నువ్వూ చూసుకో అని మాత్రం అనలేదు. నాకు బాధేసింది, ఇప్పటికీ వేస్తుంది.

తమ్ముడు పిల్లలు వద్దనుకున్నాడు. ఎందుకో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. మరదలు ఒకే ఒక్కసారి అడిగింది. ఇది పన్నెండేళ్ల కిందటి మాట. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. నేను కలిపిచ్చిన కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది, తాగలేదు. కాఫీ అంటే పడిచచ్చే పిల్ల.

"వదినా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పాలి. అత్తయ్యకి వచ్చింది పిల్లలకి కచ్చితంగా వస్తుందా? రాకుండా ఉండే అవకాశం ఏమన్నా ఉందా?"

నిజం ఏమిటంటే నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుందమ్మా" అన్నాను. అది తల ఊపింది. ఆ మర్నాడో ఆ తర్వాతి రోజో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లి పది రోజులుండి వచ్చింది. చిక్కిపోయి వచ్చింది. జ్వరం తగిలిందంటే పళ్లు పట్టుకెళ్లి ఇచ్చాను.

పోయిన నెల మా ల్యాబుకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. ముప్పై రెండేళ్లుంటాయేమో. అరుదైన గడ్డల మీద పరిశోధన చేస్తుందట, పాత దిమ్మలు కావాలని నంబర్ల చీటీ ఒకటి నా చేతిలో పెట్టింది. మొత్తం పదకొండు నంబర్లు. ఏడోది రెండుసార్లు చదివాను. ఆ నంబరు నేనే నా చేత్తో వేశాను. నా ఫోను నంబరైనా మర్చిపోతానేమో గానీ దాన్ని మర్చిపోను.

దిమ్మలుండే గది కింద ఉంది. వరసగా ఇనుప సొరుగులు, వాటిలో వేలకొద్దీ మనుషుల ముక్కలు. ఈ పద్నాలుగేళ్లలో ఆ గదికి ఎన్నిసార్లు వెళ్లి ఉంటానో లెక్కలేదు, ఆ సొరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడుగు తొందరపడేది. అందరూ ఈ లోకంలోంచి పోయిన అమ్మని తలుచుకుంటారు. మా అమ్మలో గోరంత ముక్క పోకుండా రెండు అంతస్తుల కింద, సొరుగులో ఉందని తెలిసి దాని మీద కూర్చుని పని చేశాను నేను. తెచ్చి బల్ల మీద పెడితే మైనం కాస్త పసుపు తిరిగిందంతే. లోపల ముక్క అలాగే ఉంది.

పాత దిమ్మలు పెళుసుగా ఉంటాయి. కత్తి తగలగానే పొడిపొడి అవుతాయి. దానికి మా దగ్గరున్న కిటుకు ఒక్కటే. దిమ్మను నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపిరి ఊదాలి. ఆ వెచ్చదనానికి, తడికి మైనం కాస్త మెత్తబడుతుంది. రోజుకు ముప్పైసార్లు చేసే పనే. ఆ రోజు ఊదుతుంటే పెదాలకి ఇంత దూరంలో ఏముందో గుర్తొచ్చి ఆగిపోయాను. అమ్మ దారం తడిపేటప్పుడు పెట్టిన ముఖమే నేనూ పెట్టి ఉంటాను. మళ్లీ ఊదాను. పొర లేచి, వెచ్చటి నీళ్ల తొట్టి మీద పడి, మడతలు విప్పుకుని తేలింది. ఒక్క చిరుగు లేదు. అంత బాధలోనూ నా చేతిని నేను మెచ్చుకున్నాను, అదీ నా బుద్ధి.

ఆ మంగళవారం డాక్టరమ్మ నన్ను చీకటి గదిలోకి పిలిచింది. "అక్కా, మీరు కోసిన వాటిల్లో ఏడో నంబరు చాలా బాగా వచ్చింది. చూస్తారా?" అంది. తెర మీద నల్లటి మైదానంలో నీలం చుక్కలు, ఒక్కో చుక్కలో మెరిసే ఎరుపు, పచ్చ.

"ఇవి జన్యువుకి రెండు కొసలు. ఒక కొసకి ఎరుపు రంగు వేశాం, రెండోదానికి పచ్చ. జన్యువు బాగుంటే రెండూ అతుక్కుని పసుపుగా కనిపిస్తాయి. ఇదిగో, గడ్డలో చూడండి, విడిపోయి ఎడంగా ఉన్నాయి. ఇక్కడ జన్యువు తెగిపోయింది. తెగి, సంబంధం లేని ఇంకో జన్యువుకి అతుక్కుంది. ఆ ఇంకోదాని స్విచ్చి దీన్ని ఆన్ చేసేసి ఇక ఆపట్లేదు. చిన్నప్పుడు శరీరం పెరిగేటప్పుడు పని చేసి, తర్వాత సద్దుమణగాల్సిన జన్యువది."

"తెగడం ఒక్కటేనా?"

ఆ ప్రశ్నకి ఆవిడ నా వైపు తిరిగి చూసింది. "కాదు. జన్యువులన్నీ చుట్టలు చుట్టి ఉంటాయి అక్కా. ఏ చుట్ట విప్పాలి, ఏది మూసి ఉంచాలి అని వాటి మీద గుర్తులుంటాయి. ఈ గడ్డల్లో ఆ గుర్తులు కూడా చెదిరిపోతాయి. అక్షరాలు మారవు, ఏది చదవాలో మారిపోతుంది."

"బెంగతో మారతాయా? మనసులో ఏదన్నా పెట్టుకుంటే?"

"అలా అని ఎవరూ చూపించలేదు. ఎందుకు తెగుతుందో, ఎందుకు చెదురుతాయో నిజంగా ఇంకా తెలీదు." ఎంత తేలిగ్గా అందో ఆ మాట. తెలీదు. ముప్పై రెండేళ్ల పిల్ల, పేరు పక్కన అన్ని డిగ్రీలు, అయినా నోరు తిరిగింది.

అప్పుడు ఆవిడ తెరను పక్కకి జరిపింది. అదే పలక మీద, గడ్డ అంచు దాటాక, బాగున్న గ్రంథి. నీలం చుక్కలన్నిట్లోనూ పసుపు. ఒక్కటీ విడిపోలేదు.

"ఇక్కడ తెగలేదేం?" అన్నాను.

"తెగదు కదా. తెగింది గడ్డలోనే. ఎప్పుడో, ఒకే ఒక్క కణంలో, పెద్దయ్యాక జరిగిన పొరపాటు. ఆవిడ పుట్టుకతో తెచ్చుకున్నది కాదు."

"మరి పిల్లలకి?"

"పిల్లలకి ఎలా వస్తుంది? ఆవిడ దగ్గర ఇవ్వడానికి అది లేనే లేదు."

ఏడో నంబరు మా అమ్మ అని చెప్పాను. ఆవిడ లేచి లైటు వేయబోయింది. వద్దన్నాను. ఆ పసుపు చుక్కలు ఇంకొంచెం చూడనివ్వమన్నాను.

ఆదివారం దాకా నాలుగు రోజులు. ఎలా గడిచాయో నాకే తెలుసు. ఇంట్లో మిషను ఉన్న గది తలుపు తీస్తే అమ్మ నీళ్ల గ్లాసులో దారం ముంచుతూ కనిపించేది. నా వైపు చూడదు. ఎదుటి కుర్చీలో ఎవరూ లేరు గానీ, తమ్ముడి దవడ ఉండే ఎత్తు వంకే చూస్తుంటుంది. ఇవ్వలేదమ్మా, నువ్వేమీ ఇవ్వలేదు అని పైకే అన్నాను. ఆ మాట తొమ్మిదేళ్లలో ఏ ఒక్క రోజు చెప్పి ఉన్నా అమ్మ వాడి గ్లాసులో నీళ్లు తాగి ఉండేది. చచ్చేదాకా దోషిలా కూర్చోబెట్టాను అమ్మని. ఆ పాపం కడుక్కోవడానికి ఇక అమ్మ లేదు. తమ్ముడున్నాడు. వాడికి చెప్పాలి. వాడికి నలభై నాలుగు, మరదలికి నలభై ఒకటి. ఆలస్యమైతే అయింది, భయమన్నా వదులుతుంది, అద్దం ముందు నిలబడి పొద్దున్నే దవడ తడుముకోవడమన్నా మానేస్తాడు. అలా అనుకుని బయల్దేరాను.

షాపులో తమ్ముడు ఒక ముసలాయన ముక్కు మీద ఫ్రేము సర్దుతున్నాడు. నన్ను చూసి, లోపల కూర్చో అక్కా, వస్తున్నా అన్నాడు. వెనక గదిలో మరదలు అద్దాలు అరగదీస్తోంది. మిషను ఆపి, చేతులు తుడుచుకుని, కుర్చీ లాగింది.

"ఏంటి వదినా, ముఖం అలా ఉంది?"

వాడికంటే ముందు దీనికే చెప్పాలనిపించింది. అడిగింది అదే కదా. కూర్చోకుండానే చెప్పేశాను. తెగిన ఎరుపు, పచ్చ, తెగని పసుపు, అన్నీ. "అది వంశంలో వచ్చేది కాదమ్మా. ఎప్పుడూ కాదు. నాకు తెలియక, తెలియదని చెప్పలేక అన్నాను. ఆ రోజు వంటింట్లో నువ్వు అడిగినప్పుడు కూడా."

మరదలు బల్ల మీదున్న అద్దం బిళ్ల ఒకటి తీసి వెలుతురికి పెట్టి చూసి, మళ్లీ దాని చోటులోనే పెట్టింది.

"ఆ రోజు నాకు మూడో నెల వదినా."

బయట ముసలాయన నవ్వుతున్నాడు. ఇప్పుడు బాగా కనిపిస్తోందంటున్నాడు. నాకు ముట్టుకోని ఆ కాఫీ గుర్తొచ్చింది, పళ్ల సంచీ గుర్తొచ్చింది.

"వాడికి తెలుసా?"

"ఆస్పత్రికి ఆయనే తీసుకెళ్లారు. ఉంచుకుందామా అని రెండు రోజులు ఇద్దరం ఏడ్చాం. మీ అక్కని ఒక్కసారి అడిగి చూస్తానన్నాను. అడిగొచ్చాను." దాని గొంతులో కోపం ఉంటే బాగుండేది. కాళ్ల మీద పడేదాన్ని. లెన్సు పవర్ చెబుతున్నట్టు చెప్పింది. "వచ్చాక ఆయనన్నారు, మనం ఒక ప్రాణాన్ని అమ్మ పడ్డ బాధ నుంచి తప్పించాం అని. పన్నెండేళ్లుగా ఆయన ఆ ఒక్క మాట మీద బతుకుతున్నారు. నేను కూడా అంతే, ఇందాకటిదాకా."

"నన్ను చెప్పనీ. వాడు నన్ను ఏం చేసినా సరే."

"మిమ్మల్ని ఏమీ చేయరు వదినా. ఆయన్ని ఆయనే చేసుకుంటారు." అప్పుడు మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "అప్పుడు తెలియకుండా చెప్పారు. ఇప్పుడు తెలిసింది కదా, చెప్పకండి."

తలుపు తెరుచుకుంది. తమ్ముడు చేతులు రుద్దుకుంటూ వచ్చి, ఏంటి ఇద్దరూ కోర్టులో నిలబడ్డట్టు నిలబడ్డారు అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోతే, కాఫీ పెట్టలేదా ఇంకా అని మరదల్ని అడిగాడు. పెడతానంది గానీ కదల్లేదు. వాడు కుర్చీలో కూర్చుని, అలవాటుగా కాలరు గుండీ విప్పి, గడ్డం పైకెత్తాడు.

"చూడక్కా."

నా చేతులు చల్లగా ఉన్నాయి. రుద్ది వేడి చేసుకున్నాను. చెవి కింద మొదలుపెట్టాను. ఎముక అంచునే ముందుకొచ్చాను. వాడి గడ్డం నెరిసిందని ఇన్నాళ్లూ చూడలేదు, గడ్డలే వెతికాను. రెండో వైపు చూశాను. గ్లవుజు తొడుక్కుని అంగిలి తడిమాను. వాడి నోట్లో బోలెడు తడి. మరదలు అప్పటికి గది మూలనున్న స్టవ్ దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరగకుండా, నిలబడి వింటోంది.

"ఏమీ లేదు" అన్నాను.

"ఈ నెలకి గండం గడిచింది" అన్నాడు వాడు. గుండీ పెట్టుకుంటూ, నా రెండో చేయి ఇంకా వాడి దవడ మీంచి తీయలేదని గమనించి తలెత్తాడు. "నీకు ఓపిక ఉన్నన్నాళ్లూ చూస్తావు కదూ?"

చూస్తానన్నాను.